‘స్ప్లీన్’ అంటే అక్కసా, దిగులా? ఒక వాక్యం దగ్గర ఆగిపోయాము

గోదారిగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము ఆరుగురం కలిసి ప్రతి ఆదివారం సాయంత్రం పాత ఇంగ్లీషు నవలలు చదువుకుంటూ, మనసుకు పట్టిన భాగాలను మా తృప్తి కోసం తెలుగు చేసుకుంటూ ఉంటాము. ఇప్పుడు జేన్ ఆస్టెన్ రాసిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నడుస్తోంది. అది 1813లో అచ్చయింది. ఇరవై ఏడో అధ్యాయం చివర ఒక్క మాట దగ్గర రెండు ఆదివారాలుగా ఆగిపోయి ఉన్నాము.

సందర్భం ఇది. ఎలిజబెత్‌తో కొన్నాళ్ళు సరదాగా మెలిగిన వికమ్ అనే అధికారి, పదివేల పౌన్ల ఆస్తి కలిసివచ్చిన మరో అమ్మాయి వైపు తిరిగిపోయాడు. ఎలిజబెత్ దారిలో లండన్‌లో మేనమామ ఇంట ఒక రోజు ఆగుతుంది. ఆ రాత్రి నాటకం చూస్తూ ఉండగా మేనమామ భార్య, అంటే మన వరసలో అత్తయ్య, వేసవిలో తమతో కలిసి ఊళ్ళు తిరగడానికి రమ్మని పిలుస్తుంది. ఎలిజబెత్ పట్టలేని సంతోషంతో, నిరాశకూ ‘స్ప్లీన్’కూ ఇక వీడ్కోలని, కొండలూ బండలూ ఉండగా మగవాళ్ళ ఊసెందుకని అంటుంది.

ఆ ‘స్ప్లీన్’ దగ్గరే చిక్కు వచ్చింది. మా దగ్గరున్న నిఘంటువు మొదట ప్లీహం అని, తరువాత కోపం, ద్వేషం అని, చివర దిగులు అని చెబుతోంది. మాలో ఒకరు ‘అక్కసు’ అని రాశారు. ఇంగ్లీషు పత్రికలో ఎవరైనా ‘స్ప్లీన్’ను వెళ్ళగక్కారని ఉంటే మన పత్రిక ‘అక్కసు వెళ్ళగక్కారు’ అని రాస్తుంది కాబట్టి ఆ మాట సరిపోతుందని వారి వాదన. కానీ ఆ అధ్యాయంలో ఎలిజబెత్‌కు ఎవరి మీదా అక్కసు ఉన్నట్టు నాకు అనిపించలేదు. మరొకరు ‘చిరాకు’ అన్నారు. మా బృందంలోని రిటైర్డు లెక్కల మాస్టారు ‘నిరాశకూ ప్లీహానికీ వీడ్కోలు’ అని రాసి చదివేసరికి, ఆ అమ్మాయి ఆపరేషనుకు ఒప్పుకున్నట్టుందని అందరం నవ్వాము.

నా సందేహాలు రెండు. ఒకే మాట కోపానికీ దిగులుకూ ఎలా చెల్లింది? 1813 నాటి పాఠకులకు ఆ మాట ఏ అర్థంలో వినిపించి ఉంటుంది?


నిఘంటువుల అల్మారా

గోదారిగట్టు గారూ, మీ మాస్టారి అనువాదం నవ్వు తెప్పించినా, కథ మొదలయ్యేది అక్కడి నుంచే. ఆ మాట ముందు ఒక అవయవం పేరు. గ్రీకులో ‘స్ప్లేన్’, అక్కడి నుంచి లాటిన్, పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. అంతకు ముందు ఇంగ్లీషువారు ఆ అవయవాన్ని ‘మిల్ట్’ అనేవారు. మన సంస్కృత ‘ప్లీహన్’, గ్రీకు ‘స్ప్లేన్’, లాటిన్ ‘లియేన్’ ఒకే మూలం నుంచి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. అక్షరాలు అటూ ఇటూ అయినా చుట్టరికం మాత్రం నిజం. అంటే మీ నిఘంటువులో ఎదురుబొదురుగా ఉన్న స్ప్లీనూ ప్లీహమూ దాయాదులే.

గ్రీకు వైద్యం శరీరంలో నాలుగు రసాలున్నాయని నమ్మింది. నెత్తురు, కఫం, పచ్చ పిత్తం, నల్ల పిత్తం అన్నవి ఆ నాలుగు. రెండో శతాబ్దపు వైద్యుడు గేలెన్ లెక్క ప్రకారం, కాలేయంలో తయారైన చిక్కని మడ్డిలాంటి నల్ల పిత్తాన్ని ప్లీహం లాగి శుభ్రం చేస్తుంది. ఆ పని చేయలేకపోతే మడ్డి ఒళ్ళంతా పాకి మనిషి దిగులులో కూరుకుపోతాడు. ‘మెలంకలీ’ అన్న మాటకు గ్రీకులో అర్థమే నల్ల పిత్తం. కోపం ఈ లెక్కలో పచ్చ పిత్తానిది. ఇంగ్లీషులో ముక్కోపాన్ని ‘కాలర్’ అనడం అందుకే. కాబట్టి సిద్ధాంతం ప్రకారం ప్లీహం వాటాకు రావలసింది దిగులు ఒక్కటే, కోపం కాదు.

అయితే ఇంతలో ఒక తమాషా జరిగింది. ప్లీహం మడ్డిని తీసేస్తుంది కాబట్టి, అది సరిగ్గా పనిచేసే మనిషి తేలికగా, హాయిగా ఉంటాడు కదా. ఆ తర్కంతోనే కాబోలు, ప్లీహాన్ని నవ్వుకు కూడా నెలవు చేశారు. 636లో మరణించిన సెవిల్ బిషప్పు ఇసిడోర్, మనం ప్లీహంతో నవ్వుతామని, పిత్తంతో కోపిస్తామని, గుండెతో తెలివి తెచ్చుకుంటామని, కాలేయంతో ప్రేమిస్తామని రాశాడు. అంటే ఒకే అవయవం దిగులుకూ నవ్వుకూ చిరునామా అయింది. ఒకసారి అలా అయ్యాక, ముందువెనుకలు చూడకుండా ఉన్నట్టుండి పొంగుకొచ్చే ఏ ఉద్వేగానికైనా ఆ మాట వాడటం పెద్ద విషయం కాదు.

షేక్స్‌పియర్ నాటకాలలో ఈ విచ్చలవిడితనం బాగా కనబడుతుంది. ‘ట్వెల్ఫ్త్ నైట్’లో మరియా తన వెంట వస్తే పక్కటెముకలు పట్టుకునేంత ‘స్ప్లీన్’ దొరుకుతుందని పిలుస్తుంది. అక్కడ దాని అర్థం నవ్వు. ‘రిచర్డ్ ది థర్డ్’లో రాజు యుద్ధానికి ముందు తన సేనకు నిప్పులు కక్కే డ్రాగన్ల ‘స్ప్లీన్’ కావాలంటాడు. అది వీరావేశం. ‘మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’లో చీకటిని చీల్చే మెరుపు ‘స్ప్లీన్’తో మెరుస్తుంది. అది క్షణికమైన ఉద్రేకం. ‘జూలియస్ సీజర్’లో బ్రూటస్ తన మిత్రుడు కాసియస్‌తో, నీ ‘స్ప్లీన్’లోని విషాన్ని నువ్వే మింగి అరిగించుకోవాలని అంటాడు. అది అచ్చమైన కోపం. నాలుగు చోట్లా ఒకే తెలుగు మాట వేయాలనుకునే అనువాదకుడికి అక్కడే ప్లీహం వాచిపోతుంది.

తరువాతి శతాబ్దంలో గాలి దిగులు వైపు మళ్ళింది. 1700 ప్రాంతాల ‘స్ప్లీన్’ అంటే చదువుకున్నవారికి, కలిగినవారికి వచ్చే ఒక జబ్బు పేరు. నిద్ర పట్టదు, దేని మీదా మనసు నిలవదు, కారణం లేకుండా ఏడుపు వస్తుంది. ఆన్ ఫించ్ అనే కవయిత్రి 1701లో అచ్చయిన తన పద్యంలో, క్షణానికొక రూపం ఎత్తే నిన్ను ఏమని పిలవాలి అని ఆ జబ్బునే నిలదీసింది. ఆమెకు ఆ జబ్బు స్వయంగా తెలుసు. 1733లో జార్జ్ చేనీ అనే స్కాట్లండు వైద్యుడు ఈ జబ్బు మీద ఒక పుస్తకమే రాసి, దానికి ‘ఇంగ్లీషు వ్యాధి’ అని పేరు పెట్టాడు. చెమ్మగాలి, నిలకడ లేని వాతావరణం, అతిగా తిండి, కూర్చుని చేసే పనులు, ఇరుకు పట్టణాలు ఇందుకు కారణాలని అతని వివరణ. అతనే భారీకాయుడు, తిండి తగ్గించి బాగుపడ్డవాడు కావడం వల్ల ఆ పుస్తకంలో అనుభవం వాసన ఉంటుంది. 1737లో వచ్చిన మాథ్యూ గ్రీన్ పద్యం ఇదే జబ్బుకు మందుగా వ్యాయామం చెబుతుంది. ఒక రాయి విసిరితే చాలు, రాక్షసుడు కూలుతాడని అతని హామీ.

శామ్యూల్ జాన్సన్ 1755 నాటి నిఘంటువులో కోపమూ దిగులూ రెండూ వేరువేరు అర్థాలుగా చోటు చేసుకున్నాయి. ఆస్టెన్ తరానికి ఈ రెండూ అందుబాటులోనే ఉన్నాయి. అయినా, ప్రయాణంతో వదిలిపోయే ‘స్ప్లీన్’ అంటే దిగులు వైపే మొగ్గు ఉంటుందని నా అభిప్రాయం. కొంచెం తరువాత, 1851లో వచ్చిన ‘మోబీ డిక్’ మొదటి పేరాలోనే కథకుడు ‘స్ప్లీన్’ను తరిమికొట్టడానికి సముద్రం మీదికి పోతానంటాడు. అతనికి ఎవరి మీదా కోపం లేదు, మనసులో ముసురు పట్టింది, అంతే. కాబట్టి నా ఓటు ‘దిగులు’కు.


ఊరి డాక్టరు

వృత్తిరీత్యా రెండు మాటలు చెప్పి తప్పుకుంటాను. పెద్దవారిలో దాదాపు 150 గ్రాముల బరువుండే ప్లీహం ఎడమవైపు పక్కటెముకల చాటున ఉంటుంది. ముసలివైన ఎర్ర కణాలను ఏరివేయడం, సూక్ష్మజీవులతో పోరాడటం దాని పనులు. దెబ్బ తగిలి చిట్లిపోతే తీసివేయవలసి వస్తుంది. తీసినవారు బతుకుతారు, కాకపోతే కొన్ని అంటురోగాల విషయంలో టీకాలతో జాగ్రత్తగా ఉండాలి. ప్లీహం తీసేసినవారిలో కోపం గానీ, దిగులు గానీ, నవ్వు గానీ తగ్గడం నేను చూడలేదు.

మన పల్లెల్లో దానికి ఇంకో పేరుంది. మలేరియా పదేపదే వచ్చిన పిల్లవాడిని తీసుకొచ్చి ‘కడుపులో బల్ల పెరిగిందండీ’ అనేవారు. పడుకోబెట్టి ఎడమ డొక్క కింద వేళ్ళు పెట్టి గాలి పీల్చమంటే, మామూలుగా చేతికి అందని ప్లీహం అంచు నిజంగానే చెక్క బల్లలాగా గట్టిగా వచ్చి వేళ్ళకు తగులుతుంది. ఆ పేరు పెట్టినవారెవరో గానీ చేత్తో పట్టి చూసి పెట్టారు. గమనించవలసిందేమిటంటే, ఆ ‘బల్ల’కు కోపంతో గానీ దిగులుతో గానీ మనవాళ్ళు ఏ సంబంధమూ అంటగట్టలేదు. ఆయుర్వేదంలోనూ అంతే. చరక సంహిత ప్లీహాన్ని కాలేయంతో జతచేసి రక్తవాహిక మార్గాలకు మూలమంది. మూడు దోషాల లెక్కలో నల్ల పిత్తం అనే నాలుగో రసానికి చోటే లేదు కాబట్టి, మన భాషలో ప్లీహం మనసు జోలికి పోలేదు.


బెర్లిన్ బస్తీ

నేను పదకొండేళ్ళుగా జర్మనీలో ఉంటున్నాను. వచ్చిన కొత్తలో ఆఫీసులో ఒక సహోద్యోగి తన మామగారికి ‘ష్ప్లీన్’ ఉందని నవ్వుతూ చెప్పింది. నేను పాపం అనుకుని, ఏ ఆసుపత్రిలో చూపిస్తున్నారని అడిగాను. ఆయన పాత రైళ్ళ టైం టేబుళ్ళు పోగుచేస్తారట, సెలవు రోజున వాటిని బల్ల మీద పరిచి ఏ రైలు ఎక్కడ తప్పిపోతుందో లెక్కలు వేసుకుంటారట, అంతే తప్ప ఆయనకు ఏ జబ్బూ లేదు. ఇంగ్లీషు నుంచి జర్మన్‌లోకి వెళ్ళిన ఆ మాటకు అక్కడ ‘వింత పిచ్చి’ అనే అర్థం స్థిరపడింది. అవయవాన్ని వారు ‘మిల్ట్స్’ అంటారు. పైన చెప్పిన పాత ఇంగ్లీషు ‘మిల్ట్’కు ఇది సొంత చుట్టం.

ఫ్రెంచి వారి కథ ఇంకా బాగుంటుంది. అసలు ఇంగ్లీషుకు ఈ మాటను ఇచ్చింది వారే. పద్దెనిమిదో శతాబ్దంలో, ఇంగ్లీషువారి దిగులు ఐరోపా అంతటా ప్రసిద్ధమయ్యాక, తామిచ్చిన మాటనే ఇంగ్లీషు ఉచ్చారణతో తిరిగి తెచ్చుకున్నారు. పుట్టింటి నుంచి వెళ్ళిన పిల్ల అత్తింటి యాసతో తిరిగి వచ్చినట్టు. బోదలేర్ 1857 నాటి తన పద్యసంపుటిలో మొదటి, అతి పెద్ద భాగానికి ‘స్ప్లీన్, ఆదర్శం’ అని పేరు పెట్టాడు. అందులో నాలుగు పద్యాలకు పేరే ‘స్ప్లీన్’. అక్కడ కోపం లేదు. మూతలా కిందికి వంగి మనసును నొక్కే ఆకాశం, వాన, విసుగు ఉన్నాయి. అవయవానికి వారి సొంత మాట ‘రాత్’. విరగబడి నవ్వడాన్ని ఇప్పటికీ ఫ్రెంచిలో ‘రాత్‌ను సాగదీయడం’ అంటారు. అంటే ఇసిడోర్ బిషప్పు నవ్వు సొంత మాటకు, చేనీ దిగులు అరువు మాటకు పంపకమైపోయాయి. చైనీయులు మనిషి కోపస్వభావాన్ని ‘పీచీ’ అంటారు. అందులో ‘పీ’ ప్లీహమే. అది వారి వైద్యం నుంచి పుట్టింది తప్ప గ్రీకుల నుంచి పోయింది కాదు.


కొబ్బరాకు నీడ

అల్మారా గారి సమాధానాన్ని రెండుసార్లు చదివాను. చాలా నేర్చుకున్నాను, కానీ చివరి ఓటు దగ్గర విభేదిస్తున్నాను. ఎలిజబెత్ ఆ మాట అనడానికి ఒక్క నిమిషం ముందు ఏమందో చూడాలి. వికమ్ చాలాకాలం ఉన్న డార్బీషైర్ ప్రాంతపు కుర్రవాళ్ళంటేనే తనకు రోత పుట్టిందని, వాళ్ళ ప్రాణస్నేహితులూ అంతకంటే మేలు కాదని, ఒక్క మంచి గుణమైనా లేని మనిషి దగ్గరికి రేపు వెళ్తున్నందుకు దేవుడికి దండమని, ఎంతైనా మందమతులే పరిచయం చేసుకోదగ్గవాళ్ళని విసురుతుంది. అది విని అత్తయ్య, జాగ్రత్త పిల్లా, ఆ మాటలు నిరాశ కంపు కొడుతున్నాయని హెచ్చరిస్తుంది. ఆ వెంటనే విహారయాత్ర పిలుపు వస్తుంది. ఎలిజబెత్ వాడిన ‘నిరాశ’ అత్తయ్య నోటి నుంచి అందిపుచ్చుకున్నది. దానికి ‘స్ప్లీన్’ తాను సొంతంగా చేర్చుకుంది. నిరాశ అన్నాక మళ్ళీ దిగులు అంటే చెప్పిందే చెప్పినట్టవుతుంది. ఆస్టెన్ ఒక్క మాట కూడా దండగ చేసే రచయిత్రి కాదు. ఇప్పటిదాకా తాను విసిరిన విసుర్లకు ఆ పిల్ల తానే పెట్టుకున్న పేరు అది. అందులో దిగులు ఉంది, కానీ దానికి ముల్లు కూడా ఉంది.

కోపమూ దిగులూ అప్పట్లో వేరువేరు గదుల్లో ఉండేవి కావనడానికి కవి అలెగ్జాండర్ పోప్ సాక్ష్యం ఉంది. అతని హాస్యకావ్యం ‘ది రేప్ ఆఫ్ ది లాక్’ 1712లో రెండు సర్గలుగా వచ్చి, 1714లో ఐదు సర్గలైంది. ఆ పెంపులో వచ్చినదే ‘స్ప్లీన్’ గుహ. అక్కడ రాణి పక్కలో నొప్పితో, తలలో పోటుతో మంచం మీద పడి ఉంటుంది. ఆ నొప్పి ఉన్న పక్క ఏదో డాక్టరు గారికి చెప్పనక్కరలేదు. గుహ నిండా తమను తాము టీ కూజాలనుకునే మనుషులు, ఒక చెయ్యి పిడిలా, ఒక చెయ్యి కొమ్ములా పెట్టుకుని నిలబడి ఉంటారు. అంబ్రియెల్ అనే మరుగుజ్జు భూతం ‘ప్లీహపుటాకు’ అనదగ్గ ఒక ఫెర్ను మొక్క రెమ్మను రక్షగా పట్టుకుని అక్కడికి వెళ్తాడు. ఆ మొక్క ప్లీహాన్ని కరిగిస్తుందని పాతకాలం నమ్మకం. క్రీటు ద్వీపంలో అది మేసిన పశువులకు ప్లీహమే ఉండదని రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్ రాశాడు. రాణి అంబ్రియెల్‌కు ఒక సంచి నిండా నిట్టూర్పులు, వెక్కిళ్ళు, ఆవేశాలు, తిట్లు మూటగట్టి ఇస్తుంది, ఒక సీసాలో కన్నీళ్ళు పోసి ఇస్తుంది. సంచి చింపగానే కథానాయిక భగ్గుమంటుంది, సీసా పగలగానే కుమిలిపోతుంది. కోపమూ కన్నీళ్ళూ ఒకే రాణి ఖజానా నుంచి వచ్చాయి.

మన భాషలో దీనికి దగ్గర కథ ప్లీహానిది కాదు, పిత్తానిది. పిత్తం నుంచి వచ్చిన ‘పైత్యం’ మొదట వైద్యుడి మాట. ఇవాళ ‘వాడి పైత్యం ముదిరింది’ అంటే ఎవరూ నాడి పట్టుకుని చూడరు. వేళాకోళంగా, తలతిక్క అన్న అర్థంలోనే వింటాము. సిద్ధాంతం పోయింది, మాట మిగిలింది. జర్మన్ ‘ష్ప్లీన్’కు పైత్యం చక్కగా అతుకుతుంది. ఎలిజబెత్‌కు మాత్రం వద్దు, వాక్యం చెడిపోతుంది.

నా సూచన ‘ఉక్రోషం’. అక్కసులో ఎదుటివాడి బాగు చూసి ఓర్వలేనితనం ఉంటుంది. ఉక్రోషంలో దెబ్బతిన్నతనం ఉంటుంది, ఏమీ చేయలేక మాటలతో తీర్చుకోవడం ఉంటుంది, కళ్ళలో నీళ్ళు తిరగడానికి ఒక్క అంగుళం దూరం ఉంటుంది. ఎలిజబెత్ ఆ నాటకశాలలో ఉన్నది సరిగ్గా ఆ స్థితిలోనే.


నిఘంటువుల అల్మారా

ఒప్పుకుంటున్నాను. ముందు వాక్యాలు చూడకుండా శతాబ్దపు సగటు చూసి ఓటు వేశాను. అయితే ఒక హద్దు గీయనివ్వండి. ఉక్రోషం ఈ వాక్యానికి మాత్రమే. చేనీ పుస్తకంలోనో, ఆన్ ఫించ్ పద్యంలోనో అదే మాట కనబడితే అక్కడ దిగులే రాయాలి. కొందరు నిఘంటుకారులు వరసగా అంకెలు వేసి ఇచ్చే అర్థాలను చూసి, మొదటి అంకెకు ఎక్కువ బలమనుకోవడం అనువాదకులకు అలవాటు, నాకూ ఉంది.

ఇవాళ్టి ఇంగ్లీషులో కోపం అర్థమే ఎందుకు నిలిచిందని ఎవరైనా అడగబోతే, నాకు తోచింది ఇది. దిగులుకు తరువాతి కాలంలో వేరే మాటలు దండిగా వచ్చాయి. వైద్యులు డిప్రెషన్ అన్నారు, మామూలు జనం బ్లూస్ అన్నారు. కోపం వైపు మాత్రం ‘స్ప్లీన్’ను పొగగొట్టంలో నుంచి వదిలినట్టు ‘వెంట్’ చేయడమనే పలుకుబడి గట్టిగా అతుక్కుని ఉంది. ఆ పలుకుబడిని తీసేస్తే మాట ఆపరేషను గదికే పరిమితమవుతుంది.


గోదారిగట్టు

అందరికీ ధన్యవాదాలు. నిన్నటి ఆదివారం ఈ సమాధానాలన్నీ బృందంలో చదివి వినిపించాను. అక్కసు అని రాసిన వారు మొదట కొంచెం ముఖం ముడుచుకున్నారు. అది అక్కసా ఉక్రోషమా అని మాస్టారు అడిగేసరికి వారే నవ్వేశారు. చివరికి ఇలా కుదిరింది: ‘నిరాశకూ ఉక్రోషానికీ ఇక ఒక దండం. కొండలూ బండలూ ఉండగా మగవాళ్ళ లెక్కేమిటి?’ వీడ్కోలు అన్న మాట మరీ రైల్వే ప్లాట్‌ఫారం మీద వినబడినట్టు ఉందని తీసేశాము. ఎలిజబెత్ పెట్టే దండంలో వెటకారం కూడా కలిసి వచ్చింది.

మాస్టారు మాత్రం పట్టు విడవలేదు. పేజీ అడుగున చిన్న అక్షరాలతో ‘మూలంలో: ప్లీహం’ అని ఒక గుర్తు పెట్టించారు.